ఆరలేదు, ఆగమనండి

మా బావ ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే మిషన్ నోరు మూసుకోవాలి. ఎనిమిది నెలలుగా మా గదిలో ఇదే చట్టం.

గది అంటే ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ కూడా లేని గది. ఆపరేషన్ థియేటర్‌లో వాడే కత్తెరలు, పటకార్లు, కత్తులు అన్నీ మా దగ్గరకే వస్తాయి. కడుగుతాం, ట్రేలలో సర్దుతాం, రెండు పొరల గుడ్డలో చుడతాం, బీరువా అంత ఉండే ఆవిరి మిషన్‌లో పెట్టి తలుపు బిగిస్తాం. నలభై నిమిషాలు ఆవిరి పట్టాలి. ఆ తర్వాత అరగంట తలుపు తీయకుండా ఆరనివ్వాలి. ఆ అరగంటే అసలు సంగతి. గుడ్డ తడిగా ఉండగానే బయటికి తీస్తే, గాలిలో ఉన్నదీ మన చేతులకు ఉన్నదీ ఆ తడిలోంచి లోపలికి దిగుతుంది. అప్పుడు అంతసేపు పట్టిన ఆవిరంతా దండగ. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఈ ముక్క నాకు చెప్పింది మా బావే.

అతను మా అక్క భర్త. ఆ గదికి సూపర్‌వైజర్. మా చర్చి సంఘంలో పెద్ద కూడా. ముగ్గురు మనుషులైతే ఒకరి మీద ఇంకొకరికి చెప్పుకునేదాన్ని. ముగ్గురూ ఒక్కడే కావడంతో నా ప్రాణం మీదికి వచ్చింది.

మొదట్లో ప్రార్థన ఐదు నిమిషాలే. ఏడింటికి డ్యూటీ ఎక్కగానే ముగ్గురం నిలబడి, మా చేతుల్లోంచి వెళ్ళే పనిముట్లు ఎవరి ఒంట్లోకి వెళ్తాయో వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుని, మిషన్ వేసేవాళ్ళం. అది నాకూ ఇష్టమే. తర్వాత ఆయనగారు సంఘ పెద్ద అయ్యాడు. ఐదు నిమిషాలు పావుగంటయింది, పావుగంట నలభై నిమిషాలయింది. ముందు ఒక పాట, తర్వాత చిన్న సందేశం, తర్వాత సంఘంలో జలుబు చేసిన ప్రతి ఒక్కరి కోసం పేరుపేరునా విజ్ఞాపన. గిన్నెలు కడిగినట్టు ట్రేలు కడిగే మా మూడో మనిషి పిన్ని గోడకు ఆనుకుని హాయిగా కునుకు తీసేది. మధ్యలో ఉలిక్కిపడి లేచి, తప్పు చోట ఆమెన్ అనేది. ఒకసారి బావ “మా పాపములు” అంటూ ఊపిరి కోసం ఆగితే ఆవిడ గట్టిగా స్తోత్రం చెప్పింది. 

ప్రార్థన అయ్యేదాకా మిషన్ వేయడానికి వీల్లేదు. అది బుస్సుమంటుంది కాబట్టి.

థియేటర్‌లో మొదటి కేసు తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకల్లా ట్రేలు పైకి వెళ్ళాలి. లెక్క చిన్నపిల్లలకు కూడా వస్తుంది. ఏడూ నలభైకి ప్రార్థన అయి, పావు తక్కువ ఎనిమిదికి మిషన్ వేస్తే, ఆవిరి పట్టడం అయ్యేసరికే ఎనిమిదిన్నర. ఆరబెట్టే అరగంట ఎక్కడినుంచి వస్తుంది? రాదు. తలుపు తీసి, పొగలు కక్కే తడి ట్రేలను బండిలో పేర్చి, లిఫ్టులో పైకి పంపేవాళ్ళం. పై గుడ్డ మీద ఒక టేపు ఉంటుంది. వేడి తగిలితే దాని మీద చారలు నల్లబడతాయి. థియేటర్ వాళ్ళు ఆ చారలు చూసుకుని సరే అనుకునేవారు. లోపల తడి ఉందో లేదో టేపుకు తెలియదు.

ప్రతి ట్రే మీద ఒక చీటీ కూడా ఉంటుంది. తేదీ, ఆవిరి నలభై నిమిషాలు, ఆరిన సమయం ముప్పై నిమిషాలు, కింద పొట్టి సంతకం. ఆ సంతకం నాది. నాకు ముక్కు మీద కోపమని సంఘమంతా నన్ను అగ్గిపెట్టె అంటారు. ఆ అగ్గిపెట్టె ఎనిమిది నెలలు ముప్పై నిమిషాలు అని రాసి సంతకం పెట్టింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను చూసి ఎవరూ ముచ్చటపడకూడదు.

అడగలేదని కాదు. రెండో నెలలోనే అడిగాను.

“బావా, ముందు మిషన్ వేసి తర్వాత ప్రార్థన చేసుకుందాం. దాని పని అది చేసుకుంటుంది కదా.”

“ఆ బుస్సుల మధ్య దేవుడితో ఏం మాట్లాడతాం సహోదరీ?” అన్నాడు. ఇంట్లో నన్ను మరదలా అంటాడు. సహోదరీ అన్నాడంటే నాకు తలంటబోతున్నాడని అర్థం.

“పోనీ కాస్త తగ్గించండి. ట్రేలు తడిగా వెళ్తున్నాయి.”

“ఇన్నాళ్ళుగా వెళ్తున్నాయి, ఎవరికైనా ఏమైనా అయిందా? మనం ప్రార్థించి పంపుతున్నాం. నీ సమస్య తడి కాదు. నీ సమస్య కోపం.”

నిజంగానే ఒళ్ళు మండిపోయింది. మండిపోయిందని నా మొహంలో కనిపించింది. కనిపించింది కాబట్టి అతని మాటే నిజమైపోయింది. ఇంతకంటే సుఖమైన వాదన ఇంకెక్కడా ఉండదు.

ఆ ఆదివారమే పాస్టరు అయ్యగారు ఆరాధన మధ్యలో కోపం గురించి మాట్లాడారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా వరుస వైపు చూశారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, మీ బావగారికి క్షమాపణ చెప్పేదాకా ప్రభువు రొట్టె పంచే బల్ల దగ్గరికి రావద్దమ్మా అన్నారు. బయటివాళ్ళు కూడా పనిచేసే చోట సంఘ పెద్దకు ఎదురు చెబితే సంఘం సాక్ష్యం, అంటే మంచిపేరు, పోతుందట. రొట్టె, రసం నా ముందు నుంచి వెళ్ళిపోయాయి. పక్కనే ఉన్న అక్క తల వంచుకుని పైట కొంగు మెలిపెట్టుకుంటూ కూర్చుంది. మా అక్కకు నోట్లో నాలుక లేదు. ఆ నాలుక కూడా నాకే వచ్చిందని మా అమ్మ అనేది.

మా అమ్మ పది ఇళ్ళల్లో గిన్నెలు తోమి మమ్మల్ని పెంచింది. తోమిన గిన్నెను బోర్లించి అడుగు చూసేది. “లోపల ఆళ్ళు చూసుకుంటారే, అడుగు మనమే చూసుకోవాలి” అనేది. ఆవిడ ఎప్పుడూ సాక్ష్యం చెప్పడానికి సంఘంలో లేచి నిలబడలేదు. మోకాళ్ళ నొప్పి.

మూడు వారాల కింద మూడో వార్డుకు గుడ్డలు ఇవ్వడానికి వెళ్ళాను. ఐదో నంబరు మంచం మీద ఒక దర్జీ ఆవిడ ఉంది. నా వయసే. కడుపులో గడ్డ తీశారు. కుట్లు మానలేదు, చీము పట్టి మళ్ళీ విప్పారు, మళ్ళీ కుట్టారు, మళ్ళీ విప్పారు.

“నా జన్మలో ఏ చొక్కానీ ఇన్నిసార్లు విప్పి కుట్టలేదమ్మా” అంది, నవ్వబోయి కడుపు పట్టుకుంది. “మీరు కింద ప్రార్థన చేస్తారట కదా, పొద్దున్నే. ఆయాలు చెప్పారు. నా గురించి కూడా ఒక మాట చెప్పండి.”

మంచం కాళ్ళ దగ్గర ఆవిడ ఫైలు వేలాడుతోంది. ఆపరేషన్‌లో వాడిన ట్రేల చీటీలు రోగి ఫైల్లో అతికిస్తారు. తీసి చూశాను. ఆరిన సమయం ముప్పై నిమిషాలు. కింద నా పొట్టి సంతకం, తోక కాస్త వంకరగా.

ఆ తడి వల్లే ఆవిడకిలా అయిందని నేను ఒట్టేసి చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి “చెబుతాలెండి” అని వచ్చేశాను. మర్నాడు బావ ప్రార్థనలో ఆవిడ గురించి చెప్పమని అడిగాను కూడా. అతను చాలా బాగా చెప్పాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. ఆ ప్రార్థన అయ్యేసరికి ఏడూ నలభై ఐదు. నేను తడి ట్రేల మీద ముప్పై అని రాశాను. ఉద్యోగం పోతే అక్కతో మాట పోతుంది, సంఘం పోతుంది, ఇల్లు గడవదు అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి మాటలకు కొదవేముంది.

గత మంగళవారం బావ వాళ్ళ అమ్మకు ఆపరేషన్. గర్భసంచి జారింది, పెద్దదేమీ కాదు, మొదటి కేసుగా ఎనిమిదింటికే తీసుకుంటామన్నారు. నేను ఏడు కాకముందే వెళ్ళాను. మెట్లు దిగుతుంటేనే బుస్సుమనే శబ్దం వినిపించింది. మా గదిలో ఆ వేళకు ఆ శబ్దం విని ఎనిమిది నెలలయింది.

బావ మిషన్ ముందు నిలబడి ఉన్నాడు. ఆరింటికే వచ్చాడట. ఇరవై ట్రేలు పట్టే మిషన్‌లో రెండే ట్రేలు పెట్టి వేశాడు. మిగతావి, ఆ తర్వాతి ముగ్గురు రోగులవి, చుట్టినవి చుట్టినట్టే బండి మీద ఉన్నాయి.

“ప్రార్థన?” అన్నాను.

“ఇంట్లో చేసుకుని వచ్చాను” అన్నాడు, గడియారం మీంచి చూపు తిప్పకుండా.

ఆవిరి పట్టడం అయిపోయింది. ఆరబెట్టే లైటు వెలిగింది. పది నిమిషాలకు ఫోన్ మోగింది. థియేటర్ నర్సు. డాక్టర్‌గారు ముందే వచ్చారు, ట్రేలు ఇప్పుడే పంపుతారా అని. బావ ఒక చేయి మిషన్ తలుపు పిడి మీదే ఉంచి, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని అన్నాడు.

“ఇంకా ఆరలేదు. ఆగమనండి.”

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ ఇతనికి భక్తి ఎక్కువై బుద్ధి తక్కువైందని అనుకున్నాను. పొరపాటు చేస్తున్నాడు, మొండివాడు, వినడు అనుకున్నాను. మొండివాళ్ళను క్షమించవచ్చు.

“బావా, ఆరకపోతే ఏమవుతుంది?”

“నీకు తెలీదా ఏంటి?”

“నాకు తెలుసు. నేర్పిన మీరు మరిచిపోలేదని నాకు ఇప్పుడే తెలిసింది.”

అతను నీళ్ళు నమిలాడు. “మా అమ్మ పెద్దావిడ. షుగరు కూడా ఉంది” అన్నాడు. అన్నాక తన మాట తనే విన్నట్టున్నాడు, మళ్ళీ గడియారం వైపు తిరిగాడు. అరగంట నిండాక తలుపు తీసి, రెండు ట్రేలనూ అరచేత్తో తడిమి చూసి, అడుగున కూడా తడిమి, తనే మోసుకుని పైకి వెళ్ళాడు. అడుగున కూడా తడమడం చూస్తే మా అమ్మ గుర్తొచ్చి నాకు ఇంకా మండింది.

తిరిగొచ్చేసరికి పిన్ని కూడా వచ్చింది. బావ మొహం తేటగా ఉంది. “రండి, ప్రార్థన చేసుకుందాం” అన్నాడు.

“ముందు ఇవి ఎక్కిద్దాం” అన్నాను, బండి చూపిస్తూ.

“అమ్మ లోపల ఉంది మరదలా. ఈ ఒక్క రోజైనా నీ పంతం పక్కన పెట్టు.”

నిలబడ్డాను. అబద్ధమెందుకు, ముసలావిడ కోసం నేనూ కళ్ళు మూసుకున్నాను. పాట అయింది, సందేశం అయింది. ఏడూ నలభై దాటింది. అప్పుడు బావ గొంతు పెంచి, “మా చేతుల పనిని పవిత్రంగా కాపాడుతున్న దేవా” అన్నాడు.

నేను కళ్ళు తెరిచాను. వెళ్ళి ట్రేలు ఒక్కొక్కటే మిషన్‌లోకి ఎక్కించాను. ఇనుప చట్రాల మీద ట్రేలు పెట్టిన చప్పుడుకు పిన్ని ఆమెన్ అంది. తలుపు బిగించి స్విచ్ వేశాను. మిషన్ బుస్సుమంది. బావ గొంతు ఇంకా పెంచాడు. అదీ బుస్సుమంటూనే ఉంది. కాసేపటికి అతనే ఆపేశాడు.

ఎనిమిదిన్నరకు ఆరబెట్టే లైటు వెలిగింది. వెంటనే ఫోన్. రెండో కేసు ట్రేలు కావాలట.

“తలుపు తియ్యి” అన్నాడు బావ.

స్టూలు లాక్కుని మిషన్ తలుపుకు అడ్డంగా కూర్చున్నాను. ఫోన్ నేనే తీశాను.

“ఇంకా ఆరలేదు. ఆగమనండి” అన్నాను.

“అదేంటమ్మా, రోజూ ఈ టైముకే పంపుతారు కదా?” అంది థియేటర్ నర్సు.

అక్కడ తప్పించుకోవడానికి దారి ఉంది. ఈ రోజు లేటయిందండీ అంటే సరిపోయేది. బావ కూడా సైగ చేస్తున్నాడు, అదే చెప్పమని. అతని చేతి సైగ చూస్తుంటే నాకు ఐదో నంబరు మంచం మీద కడుపు పట్టుకుని నవ్వబోయిన ఆవిడ కనబడింది.

“రోజూ తడివే పంపాం. ఎనిమిది నెలల నుంచీ. ముప్పై నిమిషాలని రాసింది నేనే, సంతకం నాదే” అన్నాను.

నర్సు ఫోన్ పెట్టేసి, రెండేసి మెట్లు దిగుతూ వచ్చింది. తలుపు కాస్త తీయించి ఒక ట్రే గుడ్డ మూల వేళ్ళతో పిండి చూసింది, మళ్ళీ మూయించింది, చీటీల పుస్తకం తీసుకుంది, మా ఇద్దరి మొహాలూ చూసి వెళ్ళిపోయింది. పదకొండింటికి పెద్ద డాక్టర్‌గారు పిలిపించారు. ప్రార్థన సంగతీ, గడియారం సంగతీ అన్నీ చెప్పాను. బావను అడిగితే, “చీటీల బాధ్యత ఆవిడదే సార్” అన్నాడు. అబద్ధం కాదు. విచారణ అయ్యేదాకా నన్ను పనికి రావద్దన్నారు. బావను రమ్మన్నారు. ఒకటి మాత్రం అయింది. మర్నాటి నుంచీ మిషన్ ఏడింటికల్లా వేయాలని కాగితం వచ్చింది.

సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది. వస్తూనే ఏడుపు.

“నిన్ను ఉద్యోగంలో పెట్టించిన మనిషినే వీధిలో నిలబెట్టావు కదే. అత్తయ్య ఇంకా మంచం మీదుంది. కాస్త ఆగలేకపోయావా?”

“ఎనిమిది నెలలు ఆగానక్కా. నీ మొగుడు వాళ్ళమ్మ కోసం అరగంట ఆగాడు. ఆ దర్జీ ఆవిడ ఎవరికీ అమ్మ కాదా?”

“ఎవరావిడ?” అంది అక్క.

చెప్పాను. అక్క ఏడుపు ఆపింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, “ఆవిడకు చెప్పావా?” అని అడిగింది. నోట్లో నాలుక లేని మా అక్క అడిగింది ఆ ఒక్క మాటే. డాక్టర్లకు చెప్పాను, నర్సుకు చెప్పాను. ఆవిడకు చెప్పలేదు.

మర్నాడు నాలుగింటికి, చూడ్డానికి వచ్చే వాళ్ళను లోపలికి వదిలే వేళకు, మూడో వార్డుకు వెళ్ళాను. తీరా చూస్తే ఆరో నంబరు మంచం మీద బావ వాళ్ళ అమ్మ. నన్ను చూసి “రా అమ్మాయ్” అంది. నేను ఆవిడకు దండం పెట్టి, స్టూలు ఐదో నంబరు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. చెప్పాల్సిందంతా చెప్పాను. తడి గురించి, చీటీ గురించి, ఎందుకు ఆలస్యమైందో దాని గురించి, బావ ఆవిడ పేరు పెట్టి చేసిన ప్రార్థన గురించి. మీకిలా అయింది దానివల్లో కాదో తెలీదని కూడా చెప్పాను.

దర్జీ ఆవిడ మంచం కాళ్ళ దగ్గర వేలాడే ఫైలు వైపు చూసింది.

“మొన్న నా ఫైలు చూశావు కదా, అప్పుడే తెలుసా?”

“తెలుసు.”

“అప్పుడు చెప్పలేదేం?”

“భయపడ్డాను.”

“ప్రార్థన చేస్తానన్నావు” అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మొహం గోడవైపు తిప్పుకుంది. నేను లేచి వెళ్ళిపోవాలో కూర్చోవాలో తెలియక కూర్చున్నాను.

వెనకనుంచి ముసలావిడ గొంతు వినిపించింది.

“అమ్మాయ్, మరి నావో?”

ఆవిడ అంతా విన్నదని అప్పుడు తెలిసింది. “మీవి ఆరాయి అత్తయ్యా. బావ ఆరింటికే వచ్చి దగ్గరుండి ఆరబెట్టాడు” అన్నాను. ఈ మాట అనేటప్పుడు నాకు కోపమే వచ్చింది. దాచుకోలేదు.

ముసలావిడ పైకప్పు చూస్తూ పడుకుంది. కొడుకు సంఘ పెద్ద అయిన రోజు ఆవిడ వీధి వీధంతా మిఠాయి పంచింది.

కాసేపటికి బావ వచ్చాడు. ఉతికిన చొక్కా, చంకలో వాక్యం పుస్తకం, చేతిలో పళ్ళ సంచి. నన్ను చూడనట్టే నటిస్తూ నేరుగా వాళ్ళమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, “ప్రార్థన చేసుకుందామా అమ్మా?” అని కళ్ళు మూసుకోబోయాడు.

“ముందు ఆ మంచం దగ్గరికి వెళ్ళు” అంది ఆవిడ.

“ఎవరమ్మా ఆవిడ?”

“నువ్వు పేరు పెట్టి ప్రార్థన చేసిన మనిషే. వెళ్ళి నువ్వేం చేశావో చెప్పిరా. ఆ తర్వాతే నా దగ్గర నోరు తెరువు.”

బావ అక్కడే నిలబడ్డాడు. వాళ్ళమ్మ కళ్ళు మూసుకుంది. ఈ గదిలో గోల చేసే మిషన్ ఏదీ లేదు. వార్డు చివర ఎవరో దగ్గుతున్నారు. దర్జీ ఆవిడ గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగి, వచ్చేది ఎవరా అని చూసింది.

అతని మీద నా కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. అయినా లేచి, నేను కూర్చున్న స్టూలును అతని వైపు జరిపాను.